వదిన కళ్లారా చూసింది

"లేనిదానికి నొప్పేందే?"

ఈ మాట మా వదిన ఫోన్లో ఎన్నిసార్లు అందో. వదిన అంటే మా ఆయన అక్క, గుంటూరు దగ్గర పల్లెలో ఉంటుంది. నా గర్భసంచినీ, దానికి రెండు పక్కలా ఉండే అండాశయాల్నీ తీసేసిన రోజున, వాటిని ట్రేలో కళ్లారా చూసిన మనిషి మా ఇంటి మొత్తానికి ఆవిడొక్కతే. అందుకని నా కడుపులో ఏముందో ఏం లేదో చెప్పే అధికారం ఆవిడకే దఖలు పడింది. ఆ కడుపు నాదన్న సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

చిన్న నర్సింగ్‌హోముల్లో ఈ ఆనవాయితీ చూసినవాళ్లకి తెలుసు. ఆపరేషన్ అవగానే నర్సు తలుపు కొంచెం తెరిచి, "పేషెంటు తాలూకు ఎవరండీ?" అని కేకేస్తుంది. లోపలికి పిలిచి, తీసింది తీసినట్టు ట్రేలో పెట్టి చూపిస్తారు. తీయకుండానే తీశామని డబ్బులు గుంజారని రేపు ఎవరూ గొడవ పెట్టుకోకుండా అన్నమాట. దిల్‌సుఖ్‌నగర్‌లో నా ఆపరేషన్ అయిన రోజున నర్సు అలా పిలిస్తే మా ఆయన గోడకానుకుని నేల చూపులు చూశాట్ట. ఆయన కోడి కోసినా చూడలేడు. అప్పుడు మా వదిన, "మీ మొగాళ్ల సంగతి నాకు తెల్దా, తప్పుకోరా" అని కొంగు దోపుకుని లోపలికెళ్లింది. కాసేపటికి బయటికొచ్చి, "అంతా తీసేశారురా. నేను కళ్లారా చూశా" అని ప్రకటించింది.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ మాత్రం తర్వాత నాతో ఒక మాట అంది. "లోపల బాగా అతుక్కుపోయి ఉందమ్మా, చాలా కష్టపడి విడదీశాం." మత్తులో విన్నాను, తలూపాను, మర్చిపోయాను.

గోరంతలు కొండంతలు చెయ్యడం మా వదినకి పుట్టుకతో వచ్చిన విద్య. ఇంటికొచ్చిన కొత్తలో ట్రేలోది నిమ్మకాయంత ఉందంది. నెల తిరిగేసరికి జామకాయంత అయింది. మరికొన్నాళ్లకి ఒక పెళ్లిలో, భోజనాల దగ్గర, "ఒక్కొక్కటీ బత్తాయంత ఉందమ్మా, నేను కళ్లారా చూశా" అని చెబుతుంటే ఎదురుగా కూర్చున్న పెద్దావిడ విస్తరి వదిలేసి లేచింది. నేను నవ్వుకున్నాను. అప్పుడు నవ్వడానికి నాకేం ఇబ్బంది లేదు, ఒళ్లు తేలిగ్గా ఉంది మరి.

అండాశయాలు తీసేస్తే ఒంట్లోంచి ఆవిర్లు కమ్ముకొస్తాయని అందరూ భయపెట్టారు. వచ్చాయి కూడా. స్కూల్లో లెక్కలు చెబుతూ బోర్డు ముందు నిలబడితే చలికాలంలో కూడా మెడ వెనక చెమట కారేది. కొన్నాళ్లకి వాటంతటవే ఆగిపోయాయి. తను పంపిన నువ్వుల ఉండల మహిమేనంది వదిన. సరే, ఉండల మహిమే అనుకున్నాను.

ఏడాదిన్నర పోయాక ఎడమ పక్క, పొత్తికడుపులో, నొప్పి మళ్లీ మొదలైంది.

ముందు గ్యాసన్నారు. వాము నమిలాను, జీలకర్ర నీళ్లు తాగాను. నొప్పి నాలుగు రోజులు ప్రాణం తినేసి, ఏమీ ఎరగనట్టు పోయేది. హమ్మయ్య అనుకునేలోపు నెల తిరిగి మళ్లీ వచ్చేది. లెక్కల టీచర్ని కదా, వరస పట్టేశాను. నెలసరి లేని మనిషికి నెల నెలా ఈ నొప్పేమిటి? మా ఆయనతో అంటే, "అక్క కళ్లారా చూసింది కదే" అన్నాడు. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు ఆయనది. తీసేసిన పార్టు చప్పుడు చెయ్యదని ఆయన లెక్క. ఫోన్లో వదినతో చెబితే, "లేనిదానికి నొప్పేందే? నీకు పని తక్కువై ఆలోచన ఎక్కువైంది" అంది. మా వీధి చివర డాక్టరుగారైతే చీటీ కూడా చూడకుండా నిద్రమాత్రలు రాసిచ్చాడు. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే ఇంతమందితో ఏం వాదిస్తాం?

కాలుగాలిన పిల్లిలా తిరిగాను ఆ రోజుల్లో. కూర్చుంటే లాగేది, పడుకుంటే పొడిచేది. అందుకని మిద్దెమీదికెక్కి ఆ మూల నుంచి ఈ మూలకి నడిచేదాన్ని. బయట కూడా ఒక చోట నిలిచేదేమీ లేదు. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదుంది. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, స్కూలు ఉంటుందో లేదో పొద్దున్నే టీవీ పెట్టి చూడాలి. మిద్దెమీంచి చూస్తే ఎల్బీనగర్ చౌరస్తా వైపు నుంచి నినాదాలు వినిపించేవి. మావైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు ఇద్దరు కలిస్తే ఉండాలా, పోవాలా అన్నదే మాట. మా వదినకైతే రెండే మాటలు, నొప్పి లేదు, ఊరొచ్చెయ్యండి.

కింద వాటాలో ఉండే ఇంటి ఓనరక్క నల్లగొండ పల్లె నుంచి వచ్చిన క్రైస్తవురాలు. నా నడక ఆమె నెత్తి మీద కదా. ఒకరోజు మిద్దెమీద బట్టలారేసుకుంటూ అడిగింది.

"ఏంది టీచరమ్మ, తెలంగాణొస్తె నిన్ను ఎళ్లగొడ్తరని బుగులు వట్టిందా? పొద్దాక తిరుగుతున్నవ్."

"నొప్పక్కా. ఎడమ పక్క."

"తీసేసిండ్రంటివి గదా?"

"తీసేశారు."

"మరి గిదెక్కడి లొల్లి?" అంది తను కూడా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బకెట్ పక్కన కూలబడి బావురుమన్నాను. ఆవిడ కంగారుపడి చేతిలో తడిబట్ట వదిలేసి వచ్చి వీపు రాసింది. నా భయమేమిటో మొదటిసారి ఆవిడతోనే నోరు తెరిచి చెప్పాను. ఏమీ ఉండకూడని చోట ఏదో పెరుగుతోంది, అది మంచిది అయ్యే అవకాశమే లేదు. లేదా అక్కడేమీ లేదు, నాకే మతి చలించింది. ఈ రెంట్లో ఏది నిజమైనా నా బతుకు గంగపాలే. మా అమ్మాయి ఇంకా ఇంటర్ దాటలేదు.

ఆ సాయంత్రం ఓనరక్క మా ఆయన్ని మెట్ల దగ్గరే ఆపి గట్టిగా చెప్పింది. "జర దవాఖానకు తీస్కపోయి స్కానింగ్ చేయించుండ్రి సార్. ఆమె ఉత్తగ ఏడుస్తదా?" ఆయన అక్కకి ఫోన్ చేశాడు. తమ్ముడి కాపురంలో తను తేల్చని పంచాయితీ ఉంటుందా? తగుదునమ్మా అని వదిన బస్సెక్కి దిగిపోయింది. మర్నాడే స్కానింగ్‌కి చెప్పుకున్నాం. అదేరోజు రోడ్ల మీద వంటావార్పు అని మాకు పొద్దున లేచాకే తెలిసింది. ఆయన షాపు మీద ఎవరైనా రాళ్లేస్తారేమోనని కాపలాకి పోయాడు. వెళ్లాల్సింది నేనూ వదినా.

స్కానింగ్ సెంటరు దిల్‌సుఖ్‌నగర్‌లో. కడుపు స్కానింగ్ అంటే తెలుసుగా, సీసాడు నీళ్లు తాగి ఆపుకుని రావాలి. బయల్దేరేముందే తాగేశాను, ఆటోలో ఎంతసేపని. చైతన్యపురి దాటకముందే ఆటో ఆగిపోయింది. "ఇగ పోదమ్మా, దిగుండ్రి" అన్నాడు డ్రైవరు. దిగి చూస్తే రోడ్డు పొడవునా పొయ్యిలు, పెద్ద పెద్ద డేగిసాలు, ఆడవాళ్లు గరిటెలతో తిప్పుతున్నారు. మధ్యలో వరసగా కూర్చుని జనం తింటున్నారు. డప్పులు, పాటలు, పొగ.

వదిన నా చెయ్యి పట్టుకుని గుసగుసలాడింది. "నోరు తెరవబాక. మన మాట చెవిన పడిందంటే పట్టేస్తారు."

"వదినా, నేను నోరు గురించి ఆలోచించే స్థితిలో లేను."

నీళ్లు కిందికి దిగాయి. పైన నొప్పి, కింద అది. అడుగు తీసి అడుగు వెయ్యాలంటే పళ్లు బిగపట్టాలి. వరసల మధ్య దారి లేదు. పెద్ద గరిటె పట్టుకున్న ఒకామె మమ్మల్ని చూసి, "ఏడికి పోతున్నరు? కూసోండ్రి, తిని పోండ్రి" అంది. నన్ను నోరెత్తవద్దన్న మా వదిన, తన తెలివంతా ఉపయోగించి తెలంగాణ మాట్లాడింది.

"దవాఖానకి పోతున్నమండీ."

ఆ చివరి "అండీ" ఉందే, అది మమ్మల్ని నిండా ముంచింది. గరిటె ఆమె పక్కామెని పొడిచింది. "అండీ అట! ఆంధ్రా పెద్దమ్మ తెలంగాణ మాట్లాడుతున్నది జూడు!" పది మంది నవ్వారు. మా వదిన మొహం పాలిపోయింది. చేత్తో తాళిబొట్టు పట్టేసుకుంది, ఎవరో లాగేస్తారన్నట్టు. ఇంకొకామె విస్తరాకు తెచ్చి వదిన చేతిలో పెట్టి, "కూసో పెద్దమ్మ, మా పప్పుచారు తిని జెప్పు ఎట్లున్నదో" అంది.

నాకిక ఆగలేదు. "అక్కా, మీకు దణ్ణం పెడతా. స్కానింగ్‌కని సీసాడు నీళ్లు తాగి ఆపుకుని వస్తున్నాను. ఇక్కడ కూర్చున్నానంటే లేవడం నా చేతుల్లో ఉండదు" అన్నాను, అచ్చంగా మా గుంటూరు మాటలోనే.

గరిటె ఆమె కడుపు పట్టుకుని నవ్వి, వరసల వైపు తిరిగి ఊరంతా వినబడేలా కేకేసింది. "జరగుండ్రే! గామెకు స్కానింగట! ఆపుకుంటున్నదట! తొవ్వ ఇయ్యుండ్రి!"

కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే విస్తళ్లెత్తుకుని పక్కకి జరిగారు. డప్పుల వాళ్లు కూడా ఆపి దారిచ్చారు. అంతమంది మధ్యలోంచి నేను రెండు మోకాళ్లూ దగ్గర పెట్టుకుని నడిచాను. సిగ్గుతో చచ్చాను. కానీ నాలో ఏదో ఉంది, దాన్ని మోసుకుపోతున్నాను అని నేను చెబితే ఎవరూ అడ్డు ప్రశ్న వెయ్యకుండా జరగడం ఆ ఏడాదిలో అదే మొదలు. ఆ సంగతి ఇప్పటికీ మర్చిపోలేను. వెనకాల మా వదిన విస్తరాకు చేతిలో పట్టుకునే వచ్చింది.

స్కానింగ్ డాక్టరు కుర్రాడే. కడుపు మీద ఆ పరికరం తిప్పుతూ, "ఎడమ అండాశయంలో నీటితిత్తి ఉందమ్మా, కొంచెం పెద్దదే" అన్నాడు.

"రెండూ తీసేశారండీ" అన్నాను.

వదిన మంచం దగ్గరికొచ్చేసింది. "మీ మిషను సరిగ్గా లేదు బాబూ. నేను కళ్లారా చూశా. రెండూ తీసి ట్రేలో పెట్టారు."

ఆయన వాదించలేదు. మళ్లీ ఒకసారి తిప్పాడు, బటన్లు నొక్కి కొలిచాడు. "తీసి ఉండొచ్చమ్మా. కానీ ఇది ఉంది. పెద్ద డాక్టరుకి చూపించండి" అన్నాడు. తెరమీద నల్లటి గుండ్రం, దాని అంచున బూడిదరంగు పొర. దాన్ని చూస్తే నాకు ముందు భయం కలగలేదు. ఉంది! నాకు పిచ్చి కాదు, ఉంది! ఆ ఆనందం బాత్రూమ్ దాకా వెళ్లేంతసేపు నిలిచింది. తలుపేసుకున్నాక గుర్తొచ్చింది, అది ఉండకూడని చోట ఉంది.

ఇంటికొచ్చేదాకా వదిన పెదవి విప్పలేదు. అంత మాటకారి మనిషి మౌనంగా ఉంటే నాకు ఇంకా ఒళ్లు మండింది. "ఇప్పుడు చెప్పు, లేనిదానికి నొప్పేంటి?" అని అడిగాను. వదిన వంటింట్లోకి పోయి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది, తోమినవే.

పెద్ద డాక్టరమ్మ మొట్టమొదట అడిగిన ప్రశ్న ఇదీ: "ఆపరేషన్ అయ్యాక వచ్చిన ఆవిర్లు మధ్యలో ఆగిపోయాయా?" ఆగిపోయాయన్నాను. ఆవిడ తలూపింది. లోపల పేగులకీ గోడకీ అతుక్కుపోయిన చోట విడదీసేటప్పుడు అండాశయం తాలూకు పొర ఎక్కడో కాస్త మిగిలిపోతుందట, అది ఎవరి నిర్లక్ష్యమూ కానక్కర్లేదట. దానికి రక్తం అందితే చాలు, చిన్న ముక్కే అయినా తన పని తాను మొదలెట్టేస్తుందట. అందుకే ఆవిర్లు ఆగాయి, అందుకే నెల నెలా నొప్పి, అందుకే ఈ తిత్తి. "అరుదమ్మా, కానీ లేనిదేం కాదు" అంది. మరి చెడ్డదా అని అడిగాను. తీసి పరీక్షకి పంపితే గానీ చెప్పలేనంది. నువ్వుల ఉండల సంగతి ఆవిడకి చెప్పలేదు.

ఆపరేషన్‌కి ఒక రోజు అనుకుంటే బంద్, ఇంకో రోజు అనుకుంటే బస్సుల సమ్మె. చేరడానికి పెట్టుకున్న సంచి గుమ్మం దగ్గరే ఉండేది. దాన్ని సర్దుతాను, విప్పుతాను, మళ్లీ సర్దుతాను. వదిన ఊరెళ్లలేదు. వెళ్లమని అన్నా వెళ్లలేదు. చివరికి ఒక రోజు, బంద్ ఉన్నా సరే, ఓనరక్క తనే ఒక ఆటో మాట్లాడి, మాతో పాటు ఎక్కి కూర్చుంది. "నేనున్న గదా, ఎవడాపుతడో జూస్త." ఎవరూ ఆపలేదు.

పొద్దున్నే నాకు ఆకుపచ్చ గౌను తొడిగి మంచం మీద పడుకోబెట్టారు. మా ఆయన సంతకాలకని వెళ్లాడు. నేను వదిన్ని దెప్పుదామనే అన్నాను, భయంలో నాకు నోరు ఆగదు. "వదినా, ఈసారైనా సరిగ్గా చూడు. ఏమన్నా మిగిల్చారేమో లెక్కపెట్టుకో."

ఓనరక్క నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ప్రార్థన జేస్త. ఇద్దరు కండ్లు మూస్కోండ్రి" అంది. మూసుకున్నాను. మా వదిన శుక్రవారం తలంటుకోకుండా మంచినీళ్లు ముట్టని మనిషి, అయినా మూసుకుందట. ఓనరక్క "ప్రభువా, ఈ బిడ్డ కడుపుల..." అని మొదలుపెట్టిందో లేదో పక్కన ఏదో ఎక్కిళ్ల చప్పుడు. కళ్లు తెరిచాను. మా వదిన మాత్రం కళ్లు గట్టిగా మూసుకునే ఏడుస్తోంది.

"ఆ రోజు కూడా ఇట్టాగే మూసుకున్నానే" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఆ ట్రే దగ్గర. గడపలోనే వాసనకి నా కళ్లు తిరిగినయ్. వాడేమో బయట అట్టా నిలబడ్డాడు, ఎవరో ఒకళ్లు పోవాలిగా. పోయా. ఆ పిల్ల గుడ్డ తీసేలోపే కళ్లు మూసుకున్నా. చూశారా అమ్మా అంది, చూశానమ్మా అన్నా. నేనేమీ చూడలేదే తల్లీ."

నిమ్మకాయ, జామకాయ, బత్తాయి. మూసిన కళ్లతో చూసినవి! వాటి మీద ఒట్టేసి ఈ మనిషి నా నొప్పిని ఏడాది పాటు కొట్టిపారేసింది, ఇంటిల్లిపాదీ తలలూపారు. నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. సెలైన్ సూది లేకపోతే లేచి వెళ్లిపోయేదాన్నే, ఎక్కడికో తెలియదు. నోటికొచ్చింది అనబోయాను. ఇంతలో ఓనరక్క, "ఇప్పుడన్న తెరువు వదినమ్మ, ప్రార్థన అయిపోయింది" అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి. స్ట్రెచర్ వచ్చేసింది. తలుపు దాకా వదిన పక్కనే నడిచింది. చెయ్యి వదలమని నర్సు రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

పరీక్షలో చెడ్డదేమీ లేదని తర్వాత తేలింది. ఆ రిపోర్టు కోసం ఎదురుచూసిన రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. కానీ నాకు ముందు గుర్తొచ్చేది అది కాదు, మత్తు దిగి కళ్లు తెరిచిన గడియ. వదిన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. మొహం పాలిపోయి ఉంది, చీర ముందు భాగం తడిగా ఉంది. బయట వాంతి చేసుకుందని మా ఆయన తర్వాత చెప్పాడు. అంతకుముందు ట్రే దగ్గర మాత్రం చివరిదాకా నిలబడి, నర్సు గుడ్డ కప్పేదాకా చూసిందట.

"చూశావా?" అన్నాను. నాలుక పిడచకట్టుకుపోయింది.

"చూశా."

ఏ పండు పేరు చెబుతుందా అని ఎదురుచూశాను. ఆవిడ బొటనవేలి గోటి మీద చూపుడువేలు పెట్టి చూపించింది.

"తిత్తి చితికిపోయి ముడుచుకుపోయి ఉందే. దాన్ని కరుచుకుని ఇంత ముక్క. చిక్కుడుగింజంత. అంతే." ఆ గోటిని తనే ఒకసారి చూసుకుంది. "అంత దానికి అంత నొప్పి ఎట్టా పడ్డావే?"

లేచి నా దుప్పటి సర్దుతూ అడిగింది.

"ఇప్పుడు నొప్పుందా?"

ఉందన్నాను.

"ఉంటుందే" అంది మా వదిన. "ఉంటుంది."